తల్లి చెట్టు కాళ్ళ దగ్గర పిల్ల చెట్టు బతకదు

(ఒకప్పుడు కాలేజీలో బాటనీ చెప్పిన ఒక మేస్టారు విశాఖపట్నం ఎంవీపీ కాలనీలో ఒక ఆదివారం సాయంత్రం చెప్పిన మాటలివి. రికార్డింగ్ విని ఉన్నదున్నట్టు టైప్ చేశాం.)

అందరికీ నమస్కారమండి. వెనకాల కూర్చున్నవాళ్ళకి వినపడుతోందా? సరే. ఫ్యాన్ సౌండ్ ఉంది కాబట్టి కొంచెం గట్టిగానే మాట్లాడతాను. పిల్లలూ, మీరు ముందుకొచ్చి కింద కూర్చోండమ్మా, ఈ బల్ల మీదున్నవన్నీ మీకోసమే తెచ్చేను, ముట్టుకుని చూడొచ్చు, ఆ చివరన సీసాలో పెట్టిన నల్ల కాయ ఒక్కటి తప్ప. అది నల్లజీడి, దాని రసం తగిలితే ఒళ్ళు బొబ్బలెక్కుతుంది, పూర్వం చాకళ్ళు బట్టల మీద గుర్తులు పెట్టింది దాంతోనే.

ముందు ఒక ప్రశ్న. తాడిచెట్టు మీద మర్రిచెట్టు మొలవడం ఎంతమంది చూసేరు? చేతులెత్తండి. చూసేరా, సగం మంది ఎత్తేరు. ఆనందపురం దాటి తగరపువలస వైపు వెళ్తుంటే రోడ్డు పక్కన కనిపిస్తాయి, తాడిచెట్టు నిటారుగా ఉంటుంది, నడుము దగ్గర్నుంచి మర్రి దాన్ని కావలించుకుని ఉంటుంది. నా చిన్నప్పుడు మా నాయనమ్మ దాన్ని మొగుడూ పెళ్ళాం చెట్టు అనేది. ఎలా వచ్చిందమ్మా అంటే దేవుడు పెట్టేడు అనేది. ఎవరు పెట్టేరో నాకు తర్వాత్తర్వాత తెలిసింది, గోరింక పెట్టింది. గోరింకో కోయిలో పిగిలిపిట్టో మర్రిపండు తిని వచ్చి తాడిమట్ట మొదట్లో కూర్చుని రెట్ట వేసింది, అక్కడ ఏళ్ళ తరబడి పేరుకున్న చెత్తలో కాస్త తడి ఉంది, ఆవగింజ కంటే చిన్న గింజ అక్కడ మొలిచింది. మరి అదే గింజ ఆ మర్రిచెట్టు కిందే నేల మీద పడితే? లక్షల్లో పడతాయండి. ఒక్కటి లేవదు.

నేను ఇవాళ చెప్పాలనుకున్నది దీని గురించే. గింజ చెట్టు నుంచి దూరం ఎలా వెళ్తుంది, వెళ్ళిన చోట మొక్కగా ఎలా నిలబడుతుంది. ఈ రెండూ విడివిడి సంగతులు, జనం ఎప్పుడూ మొదటిదే మాట్లాడతారు, గింజ పడితే చెట్టొచ్చేసినట్టే అనుకుంటారు, నేనూ అలాగే అనుకునేవాణ్ణి, ఒక నేరేడు చెట్టు నా కళ్ళు తెరిపించింది.

నేను కాలేజీలో బాటనీ చెప్పే రోజుల్లో సింహాచలం కొండ వెనకవైపు ఒక గెడ్డ, అంటే వాగు, దాని పక్కన పెద్ద నేరేడు ఉండేది. జూన్‌లో, మృగశిర కార్తె రాగానే, కింద నేలంతా ఊదారంగు. పదిహేను రోజుల తర్వాత వెళ్తే గింజలన్నీ మొలకలెత్తి కాలు పెట్టడానికి చోటుండేది కాదు. ఒక ఏడాది నా స్టూడెంట్స్‌ని తీసుకెళ్ళి ఒక్కో మొలక పక్కన ఒక్కో వెదురు పుల్ల గుచ్చి ఎర్ర రిబ్బను కట్టించేను, ఎన్ని బతుకుతాయో చూద్దామని. పిల్లలు సరదాగా కట్టేరు, పాపం ఒకమ్మాయి కొన్ని మొలకలకి పేర్లు కూడా పెట్టింది. ఆగస్టులో వెళ్ళేసరికి చాలావాటి కాండం నేల దగ్గర నల్లగా మెత్తబడి పక్కకి వాలిపోయి ఉంది. దీపావళి తర్వాత వెళ్తే ఆకులు జల్లెడలా ఉన్నాయి, పురుగు తినేసింది. మొదటి వేసవి కొన్నిటిని ఎండబెట్టింది. రెండో వేసవి దాటేసరికి ఎర్ర రిబ్బన్లు కట్టిన పుల్లలే మిగిలేయండి. పుల్లలు, రిబ్బన్లు, పైన పచ్చగా పెద్ద చెట్టు, కింద ఒక్క పిల్ల లేదు. ఆ అమ్మాయి మొహం నాకింకా గుర్తుంది.

పెద్ద చెట్టు నీడలో చిన్న మొక్క ఎదగదు అంటారు కదా మన పెద్దవాళ్ళు. నిజమే కానీ అది సగమే. నీడ ఒక్కటే కాదు చంపేది. నారుమడి వేసినవాళ్ళు ఇక్కడ ఎవరైనా ఉంటే వాళ్ళకి వెంటనే అర్థమవుతుంది, నేలకి ఆనుకున్న చోట నల్లబడి వాలిపోవడాన్ని ఏమంటారు? నారుకుళ్ళు. టమాటా నారుకి, మిరప నారుకి వచ్చేదే. మట్టిలో ఉండే బూజు జాతి తెగులు అది, ఒత్తుగా ఒక్కటే రకం మొలకలుంటే దానికి పండగ. ఒకే చేలో ఏటేటా ఒకే పంట వేస్తే తెగులు ఎందుకు పెరుగుతుందో రైతుకి ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ నేరేడు చెట్టు కింద నేల కూడా యాభై అరవై ఏళ్ళుగా నేరేడు ఒక్కటే వేసిన చేను లాంటిది. నేరేడుని తినే పురుగు, నేరేడు వేరుని పట్టే బూజు, అన్నీ అక్కడే కాపురం ఉంటాయి. తల్లికి ఏం కాదు, దాని బెరడు గట్టిది, వేరు లోతు. రెండాకుల పిల్లకి తట్టుకునే శక్తెక్కడిది?

ఈ మాటని 1970లో డేనియల్ జాన్జెన్ అనే అమెరికన్ శాస్త్రవేత్త ఒక పేపర్లో రాసేడు, 1971లో జోసెఫ్ కానెల్ ఇంకోవైపు నుంచి ఇదే మాటకొచ్చేడు, అందుకని ఇద్దరి పేర్లూ కలిపి జాన్జెన్-కానెల్ అంటారు. వాళ్ళ ప్రశ్న ఏంటంటే, ఉష్ణమండలపు అడవిలో ఇన్ని వందల రకాల చెట్లు పక్కపక్కన ఎలా ఉండగలుగుతున్నాయి, బలమైన రకం ఒకటి మిగతావాటిని తొక్కేసి అడవంతా తానే ఎందుకు నిండిపోవట్లేదు అని. వాళ్ళిచ్చిన జవాబు నాకైతే ఇప్పటికీ ఒళ్ళు పులకరించేలా ఉంటుంది. ఏ చెట్టు కిందైతే ఆ చెట్టు పిల్లలే చచ్చిపోతాయో, ఆ ఖాళీలో పరాయి చెట్టు పిల్ల బతుకుతుంది. నేరేడు కింద నేరేడు బతకదు, తాని బతకొచ్చు. తాని కింద తాని బతకదు, నేరేడు బతకొచ్చు. ఎక్కువైన రకానికి శత్రువులూ ఎక్కువే. అరుదైన రకానికి కాస్త ఊపిరి దొరుకుతుంది. అంటే మనం తెగులు అని తిట్టుకునే బూజే అడవిలో అన్ని రకాలకీ చోటు పెడుతోంది.

ఇది ఊహ మాత్రమే కాదు, కొలిచి చూసేరు. పనామా కాలువ తవ్వినప్పుడు నది నీళ్ళు నిలబెట్టి పెద్ద సరస్సు చేసేరు, అందులో మునక్కుండా మిగిలిన ఒక కొండ కొస దీవైపోయింది, బారో కొలరాడో దీవి. అక్కడ 1980ల మొదట్లో 50 హెక్టార్ల అడవిలో చిటికెనవేలు లావు, అంటే ఒక సెంటీమీటరు అడ్డకొలత దాటిన ప్రతి చెట్టుకీ నంబరు కట్టేరు. ప్రతి చెట్టుకీ అంటే నిజంగా ప్రతిదానికీ, రెండు లక్షల పైచిలుకు, దగ్గరదగ్గర 300 జాతులు. మన దేశంలో నీలగిరుల దగ్గర ముదుమలైలో 1988లో ఇలాంటి 50 హెక్టార్లే కొలిచేరు, అది ఎండు అడవి కాబట్టి జాతులు 70 చుట్టూ ఉంటాయి. సరే, ఆ పనామా దీవిలో చెట్ల మధ్య 200 వలబుట్టలు పెట్టి ఏ గింజ ఎన్ని పడుతున్నాయో ఏళ్ళ తరబడి లెక్కపెట్టేరు, పక్కనే ఎన్ని మొలకలొస్తున్నాయో కూడా లెక్కపెట్టేరు. 2000 సంవత్సరంలో ఫలితం వచ్చింది. చూసింది 53 జాతులు, గింజలు ఒకేచోట ఎక్కువ పడేకొద్దీ మొలకగా నిలబడే వాటా తగ్గడం 53 జాతుల్లోనూ కనిపించింది. ఒక్క జాతీ తప్పించుకోలేదు!

మధ్య అమెరికాలోనే బెలీజ్ అడవిలో ఇంకో పరిశోధన చేసేరు, దాని ఫలితం 2014లో వచ్చింది. నేల మీద చిన్న చిన్న మడులు కట్టి కొన్నిటికి బూజు మందు కొట్టేరు, కొన్నిటికి పురుగు మందు, కొన్నిటికి ఉత్త నీళ్ళు. బూజు మందు కొట్టిన చోట మొలకల్లో రకాలు తగ్గిపోయేయి. అంటే ఎక్కువ గింజలు వేసిన జాతే ఆ చోటంతా ఆక్రమించేసింది. అర్థమైందా, రోగం తీసేస్తే అడవి బీదదైపోయింది. నేను మళ్ళీ మళ్ళీ చదివేను ఆ సంగతి.

ఇప్పుడు గింజ వైపు నుంచి చూడండి. కాళ్ళ కింద ఉంటే చావు, కాళ్ళేమో లేవు. ఎవరో ఒకరు మోసుకెళ్ళాలి.

గాలి ఉంది. ఇదిగో బూరుగ దూది, ఏప్రిల్‌లో చెట్టుకి ఆకుల్లేనప్పుడు కాయ పగులుతుంది, ఎందుకంటే అప్పుడే గాలికి అడ్డుండదు. ఇది మోదుగ, ఇది నల్లమద్ది రెక్కల కాయ, ఇది పాలకొడిసె, చివర కుచ్చు చూడండి, పారాచూట్. ఈ బెల్టులాంటి కాయ తెలుసా, అరకు వైపు విస్తరాకులు కుడతారే అడ్డాకు తీగ, దాని కాయ ఎండకి టప్పుమని పేలి గింజల్ని విసురుతుంది, ఎండాకాలం అడవిలో ఆ చప్పుడుకి కొత్తవాళ్ళు ఉలిక్కిపడతారు. నీళ్ళ మీద వెళ్ళేవి ఉన్నాయి, మన బీచ్ రోడ్డు బాదంకాయ సముద్రం మీద తేలుతుంది. కానీ ఉష్ణమండలపు వాన అడవుల్లో ఇవన్నీ తక్కువ వాటా. అక్కడ చెట్లలో నూటికి 70 నుంచి 90 దాకా జంతువుల మీదే, పక్షుల మీదే ఆధారపడతాయి. కండ ఉన్న పండంటే అర్థమే అది, అది కూలి. తీసుకెళ్ళు, ఇది నీకు. మనం తినే మామిడి కండంతా ఏనాడో ఎవరో జంతువుకి ఇవ్వాల్సిన మోత కూలే.

దూరం ఎంత విలువైందో చెప్పే లెక్క ఒకటి చెప్తాను. ఆ పనామా దీవిలోనే జాజికాయ కుటుంబం చెట్టు ఒకటుంది, విరోలా అంటారు, దాని గింజల్ని టూకాన్ పక్షులు మింగి కండ తిని గింజ కక్కేస్తాయి. చెట్టు కింద పడ్డ గింజలు పన్నెండు వారాల్లో దాదాపు అన్నీ పోయేయి, ముక్కు పురుగు తినేసింది. 45 మీటర్ల దూరంలో పడ్డ గింజకి బతికే అవకాశం 44 రెట్లు ఎక్కువ. 45 మీటర్లంటే ఎంత, ఈ వీధి చివరిదాకా కూడా కాదు. అంత దూరం మోసిన పక్షి ఆ గింజకి ఎంత మేలు చేసిందో చూడండి.

మోసేవాళ్ళు అందరూ మంచిగా మోయరు, అది కూడా చెప్పాలి. అక్కడే ఆగూటీ అని పెద్ద ఎలుక లాంటి జంతువుంది, కుందేలంత ఉంటుంది, అది గింజని తినడానికే తీసుకెళ్తుంది, ఆకలికాలం కోసం ఒక్కోటీ ఒక్కోచోట గుంత తీసి దాచుకుంటుంది. అది పాతి వెళ్ళగానే ఇంకో ఆగూటీ వచ్చి తవ్వి ఎత్తుకెళ్ళి తన చోట పాతుకుంటుంది. 2012లో వచ్చిన ఒక పరిశోధనలో, ఒక ముళ్ళ తాడి జాతి గింజలకి చిన్న రేడియో కట్టి వెంబడించేరు. ఒక గింజని 36 సార్లు తవ్వి పాతేయి! మొత్తం 749 మీటర్లు తిరిగి చివరికి బయల్దేరిన చోటికి 280 మీటర్ల దూరం చేరింది, 209 రోజుల తర్వాత ఒక ఆగూటీ దాన్ని తవ్వుకుని తినేసింది. అయ్యో అనిపిస్తుంది కదా. కానీ దాచిన ప్రతి గింజనీ వెతుక్కుని తినే ముందు ఏ ఆగూటీనో ఆసిలాట్ పిల్లి పట్టుకుపోతుంది, అప్పుడు నేలలో భద్రంగా పాతిన గింజ మిగిలిపోతుంది. అంటే వేటాడే పిల్లి కూడా చెట్లు నాటే పనిలో భాగమే.

మన దగ్గర ఎవరు మోస్తారు? కరి మింగిన వెలగపండు అనే మాట మనకుంది, ఏనుగు వెలగకాయని నిజంగానే ఇష్టంగా తింటుంది, గింజలు పేడలో బైటికొస్తాయి, ఏనుగు కడుపులో గింజ కిలోమీటర్ల కొద్దీ ప్రయాణం చేస్తుంది. ఆ పేడని పేడపురుగు ముద్దలు కట్టి మట్టిలోకి లాగుతుంది, దాంతో గింజ కూడా లోపలికి వెళ్తుంది, నాటు పని అయిపోయినట్టే. ఎలుగుబంటి ఉంది, అది రేలకాయ గుజ్జు, నేరేడు, రేగు, తునికి పళ్ళు తింటుంది, చీమలూ చెదలూ మాత్రమే తింటుందనుకుంటారు కానీ పళ్ళ కాలంలో దాని పెంటంతా గింజలే. పునుగుపిల్లి ఉంది, పేరు అందరికీ తెలుసు, అది అడవికి చేసే పని తెలీదు. కల్లు గీసే జీలుగు చెట్టు పళ్ళు, నేరేళ్ళు, కాఫీ పళ్ళు తిని, ఎత్తుగా ఉన్న రాయి మీదో పడిపోయిన మాను మీదో ఒకే చోటికి వచ్చి విసర్జిస్తుంది. గబ్బిలం ఉంది, మన ఇళ్ళ ముందు పొద్దున్నే సగం కొరికిన బాదంకాయలు పడి ఉంటాయి చూడండి, ఆ బాదం చెట్టు ఎక్కడో వీధి అవతల ఉంటుంది. గబ్బిలం పండుని చెట్టు మీద కూర్చుని తినదు, వేరే కొమ్మకి తీసుకెళ్ళి తింటుంది. చీకట్లో ఖాళీ మైదానాల మీంచి కూడా ఎగురుతుంది, ఎగురుతూనే చిన్న గింజలు వదిలేస్తుంది, అందుకే చెట్లు కొట్టేసిన చోటికి మొదటి గింజలు తెచ్చేవాటిలో గబ్బిలం ముందుంటుంది. కోవిడ్ వచ్చినప్పుడు గబ్బిలాలున్నాయని చెట్లే కొట్టేయమన్నవాళ్ళని నేను చూసేను, నాకు చాలా బాధేసింది.

హార్న్‌బిల్ గురించి చెప్పకుండా ముందుకెళ్ళలేను. పెద్ద ముక్కు, ముక్కు మీద ఇంకో ముక్కులా కొమ్ము. పాపికొండల అడవుల్లో ఒక జాతి ఉంది, నలుపూ తెలుపూ. ఆడపక్షి చెట్టు తొర్రలోకి వెళ్ళి తలుపు మూసుకున్నట్టు తొర్ర మూతిని మూసేసుకుంటుంది, సన్నటి సందు మాత్రం ఉంచుకుంటుంది. మూడు నాలుగు నెలలు మగపక్షి ఆ సందులోంచి పళ్ళు అందిస్తుంది. పెద్ద గింజ ఉన్న పండుని మింగే నోరు అడవిలో ఎన్ని పక్షులకుంటుంది చెప్పండి? పిగిలిపిట్ట నోట్లో నేరేడుపండే పట్టదు. గింజ పెద్దదయ్యేకొద్దీ మోసేవాళ్ళు తగ్గిపోతారు. అరుణాచల్‌లో పక్కే అనే అడవిలో హార్న్‌బిల్ మీద ఏళ్ళ తరబడి పని జరిగింది, అక్కడి న్యీషీ జనం తలపాగాకి అసలు ముక్కు పెట్టుకునేవాళ్ళు, ఇప్పుడు ఫైబర్ ముక్కు పెట్టుకుంటున్నారు, వేటాడినవాళ్ళ కుర్రాళ్ళే గూళ్ళకి కాపలా ఉంటున్నారు. ఇలాంటిది మన ఏజెన్సీలో ఎందుకు జరక్కూడదు అని నేనెప్పుడూ అనుకుంటాను.

ఇక్కడో తప్పు దిద్దుకోవాలి. మారిషస్‌లో డోడో పక్షి అంతరించిపోయింది కాబట్టి దాని కడుపులోంచి వెళ్తేనే మొలిచే ఒక చెట్టు కూడా అంతరించిపోతోందని 1977లో ఒక పేపర్ వచ్చింది, చాలా ఏళ్ళు నేను క్లాసులో ఇదే చెప్పేను. తర్వాత తెలిసింది, డోడో పోయిన తర్వాత పుట్టిన చెట్లు కూడా అక్కడున్నాయి, పక్షి కడుపులోకి వెళ్ళకుండానే కొన్ని గింజలు మొలుస్తాయి. నా దగ్గర చదివినవాళ్ళు ఎవరైనా ఇక్కడుంటే దయచేసి ఆ కథ మార్చుకోండి. ఒకే చెట్టు ఒకే పక్షి అని ముడి సాధారణంగా ఉండదు, పదిమంది మోస్తారు, అందులో పెద్ద నోరున్న ముగ్గురు పోతే పెద్ద గింజల చెట్లు నెమ్మదిగా తగ్గుతాయి. పైకి పచ్చగానే ఉంటుంది అడవి. చెట్టు రెండొందలేళ్ళు బతుకుతుంది కాబట్టి పిల్లలు పుట్టట్లేదని మనకి తెలీదు.

సరే, మోసేరు, పడేసేరు. రెండో సంగతికి వద్దాం, నా ఉద్దేశంలో అసలు కష్టం ఇక్కడే ఉంది. పడ్డ గింజకి ఎంత టైముంది? అన్ని గింజలూ ఒకలా ఉండవు. ఇదిగో రేల గింజ, పెంకు రాయిలా ఉంటుంది, ఏళ్ళ తరబడి ఆగుతుంది, నర్సరీలో వేడినీళ్ళలో వేస్తేగానీ కదలదు. నేరేడు గింజ అలా కాదు, పదిహేను రోజులు ఆరిపోయిందంటే ఇంక మొలవదు. సాల చెట్టు, మనం గుగ్గిలం అంటాం, దాని గింజకి వారం పది రోజులే. అందుకే నేరేడు పండటం, తొలకరి పడటం ఒకేసారి జరుగుతాయి, ఆ లెక్క చెట్టుకి తెలుసు, రోహిణి ఎండల్లో పండిస్తే వంశం ఉండదు. ఇప్పుడు వానలు ఒక నెల అటూ ఇటూ అవుతున్నాయి, రైతుకి ఎలా ఉందో నేరేడుకీ అలాగే ఉంది.

మొలిచేక ఏం తింటుంది? పెద్ద గింజ అయితే తల్లి మూట కట్టి ఇచ్చిన అన్నం ఉంటుంది. పనస గింజ నాటి చూడండి పిల్లలూ, పప్పు మట్టిలోనే ఉండిపోతుంది, పై మొగ్గని మేక కొరికినా మళ్ళీ ఇంకో మొగ్గ పంపుతుంది. చింతగింజ అలా కాదు, పప్పు బద్దలు రెండూ నెత్తిన పెట్టుకుని పైకి లేస్తుంది. మర్రి గింజకి మూటే లేదు, పుట్టిన రోజు నుంచి కూలి చేసుకుని బతకాలి, అంటే వెలుగు కావాలి. దట్టమైన వాన అడవిలో నేల దాకా వచ్చే వెలుగు నూటికి ఒకటో రెండో పాళ్ళు. అందులోనూ ఆకులు ఎర్ర వెలుగు లాగేసుకుంటాయి, మన కంటికి కనపడని దూరపు ఎరుపుని కిందికి వదిలేస్తాయి. చాలా చిన్న గింజలు ఆ తేడాని పసిగడతాయి. పైన ఆకులున్నాయి, ఇప్పుడు లేవకూడదు అని పడుకునే ఉంటాయి. పెద్ద చెట్టు పడిపోయి ఆకాశం కనపడినరోజు లేస్తాయి.

ఆకాశం కనపడిన రోజంటే మనకి హుద్‌హుద్. 2014 అక్టోబర్ 12. ఈ ఊరివాళ్ళకి ఆ తేదీ చెప్పక్కర్లేదు. రోడ్ల మీద చెట్లన్నీ పడిపోయి, కొండలు గోధుమరంగుకి తిరిగిపోయి, వారం తర్వాత నేను గెడ్డ దగ్గరికి వెళ్తే నా నేరేడు చెట్టు వేళ్ళతో సహా లేచి అడ్డంగా పడి ఉంది. చెట్టు పడ్డచోట వెలుగొచ్చింది, మర్నాటి ఏడాది వానలకి నేల పచ్చబడింది కానీ ఏం లేచింది? లాంటానా, ఆ పరాయి దేశపు ముళ్ళ తుప్ప. పిగిలిపిట్టలు తెచ్చి పోసిన లాంటానా గింజలు ఎప్పట్నుంచి కాసుక్కూర్చున్నాయో. చుట్టుపక్కల అడవి గింజలు తెచ్చే జంతువులుంటే ఆ ఖాళీలో తాని, ఉసిరి, జువ్వి, ఏదో ఒకటి వచ్చేది. గింజలు తెచ్చే దారి తెగిపోతే దగ్గర ఏది ఉంటే అదే నిండుతుంది. మన ఊరి పక్కనున్న కంబాలకొండ అడవిని చూడండి, చుట్టూ ఊరు పెరిగిపోయి హైవేకీ కాలనీలకీ మధ్య దీవి అయిపోయింది, బారో కొలరాడో చుట్టూ నీళ్ళున్నట్టు దీని చుట్టూ మనమున్నాం.

ఎండు అడవిలో ఇంకో విశేషం ఉంది. మన మెట్టల మీద సాల మొలక, తునికి మొలక చూస్తే జానెడు ఉంటుంది, వేసవికి పైదంతా మాడిపోతుంది, చచ్చింది అనుకుంటాం. కింద వేరు బతికే ఉంటుంది. వానకి మళ్ళీ చిగురు, మళ్ళీ వేసవికి మాడటం, ఏళ్ళ తరబడి ఇలా జరుగుతుంది, వేరు లావెక్కుతూ ఉంటుంది. ఒకరోజు వేరుకి సత్తువ వచ్చేక ఒక్కసారి మనిషెత్తు లేస్తుంది. ఆ జానెడు మొక్క వయసు పదేళ్ళు ఉండొచ్చు. ఏటా నిప్పు పెట్టేచోట, ఏటా మేకలు తిరిగేచోట ఆ పదేళ్ళ కష్టం ఎప్పటికీ చెట్టవదు.

(ఇక్కడ సభలో ఒకరు లేచారు: మేస్టారూ, మా అపార్ట్‌మెంట్ వాళ్ళం పోయినేడు సీడ్ బాల్స్ చేసి కొండ మీద వేసేం, డ్రోన్లతో కూడా వేస్తున్నారు కదా, అది మంచిదే కదండీ?)

మీ మనసు మంచిదండి, ముందు ఆ మాట చెప్తాను. నేను కూడా ఒక సంస్థ పిలిస్తే వెళ్ళి పిల్లలతో చేయించేను. వేప, చింత, సీతాఫలం గింజలు, ఎర్రమట్టి, పేడ. కొండ మీద విసిరేం, ఫోటోలు దిగేం. మర్నాటి ఏడాది నేనొక్కణ్ణే వెళ్ళి వెతికేను. మొలకలు వచ్చినట్టు గుర్తులున్నాయి, ఎండిపోయిన పుల్లలు, అంతే. వేపగింజని మూడు నెలల ముందు ఏరి బంతి చేసి ఎండబెడితే అది సగం చచ్చే ఉంటుంది. బతికిన గింజ బండరాయి మీద పడితే వేరు దిగదు. దిగినా మేక ఉంది, నిప్పు ఉంది. గింజ విసరడం మన పని అనుకుంటున్నాం, అది గోరింక మనకంటే బాగా చేస్తుంది. గోరింక చెయ్యలేనిది కాపలా. మూడు వేసవులు నిప్పు రాకుండా, మేక రాకుండా ఒక ఎకరం కాయండి, బంతులు వెయ్యకపోయినా ఏం లేస్తుందో చూడండి.

(ఒక పెద్దావిడ: బాబూ, మాది పాడేరు దగ్గర. మా పోడు చేలల్లో ఇప్పచెట్టు, పనస, మామిడి, జీలుగు కొట్టేవాళ్ళు కారు మావాళ్ళు. పోడు వదిలేసేక ఆ చెట్ల చుట్టూరానే ముందు తుప్పలొచ్చేవి.)

అమ్మా, నేను గంటసేపు చెప్పింది మీరు ఒక్క మాటలో చెప్పేరు. ఖాళీ నేల మధ్యలో ఒక్క పళ్ళ చెట్టు వదిలితే పక్షికి వాలే చోటు దొరుకుతుంది, గబ్బిలానికి వేలాడే కొమ్మ దొరుకుతుంది, వాలినవాళ్ళు వేరే ఎక్కడో తిన్న గింజల్ని అక్కడ వదుల్తారు, నీడకి నేల చల్లగా ఉంటుంది, అక్కణ్ణుంచి అడవి చుట్టూరా పాకుతుంది. కాఫీ తోటలకి నీడ కోసం అంతా సిల్వర్ ఓక్ వేస్తున్నారు, త్వరగా పెరుగుతుంది, మిరియాల తీగ పాకుతుంది, రైతుకి డబ్బు, నేను కాదనను. కానీ దాని గింజ గాలికి పోయేది, పక్షికి తినడానికి పండు పెట్టదు. పది ఓక్‌ల మధ్య ఒక పనస, ఒక జువ్వి, ఒక జీలుగు ఉంచమని మాత్రం బతిమాలుతాను. ఆ జీలుగుకి కూడా ప్రతి గెలా కల్లుకే గీసెయ్యకుండా ఒక గెల పండనివ్వాలమ్మా, పునుగుపిల్లికి.

(ఒక బాబు: తాతగారూ, ఆ రిబ్బన్లు కట్టిన చెట్టు పిల్లలు ఒక్కటీ బతకలేదా?)

ఒకటి బతికిందిరా నాన్నా. రిబ్బను కట్టింది కాదు. మేం పుల్లలు ఏరేయడానికి వెళ్ళిన రోజు, ఆ పేర్లు పెట్టిన అమ్మాయే గెడ్డ అవతల పైకెక్కి కేకేసింది. తల్లి చెట్టుకి యాభై అడుగుల పైనే దూరం. ఒక రాయి, రాయి మీద పునుగుపిల్లి పెంట ఎండిపోయి నేరేడు గింజలతో ఉంది, రాయి కిందికి దొర్లిన గింజ ఒకటి రేగుతుప్పలో మొలిచింది. చుట్టూ ముళ్ళు కాబట్టి మేక మూతి పెట్టలేదు, తుప్ప నీడకి మొదటి వేసవి దాటింది. మోకాలెత్తు ఉంది అప్పటికి. హుద్‌హుద్‌లో తల్లి పడిపోయింది, ఇది సన్నగా ఉండబట్టి వంగి లేచింది, కొమ్మ ఒకటి విరిగింది అంతే. ఇప్పుడు రేగుతుప్ప దాని నీడకి ఎండిపోతోంది. పోయిన ఏడాది జూన్‌లో వెళ్తే కింద నేల ఊదారంగుగా ఉంది, మొలకలు లేస్తున్నాయి, నేను ఈసారి రిబ్బన్లు కట్టలేదు, రాయి మీద పెంట కొత్తగా ఉందో లేదో చూసొచ్చేను. ఉంది.